కొత్త పెండలము: యొరూబా ప్రజల పంటపండుగ



పంట చేతికి వచ్చిన పిమ్మట పండుగ చేసికొనుట లోకమంతట నున్న యాచారమే. అందులో వింత లేదు. కాని పంట పొలమున సిద్ధముగా నున్నను, ఇంటిలో పాతపంట అడుగంటినను, “ఇంకను దినము రాలేదు” అని పెద్దలు చెప్పినంత మాత్రమున ఊరంతయు చేయి ముడుచుకొని కాచియుండుట వింత. ఆ కట్టుబాటు కూలివానికెట్లో రాజునకు నట్లే వర్తించుట మరింత వింత. అట్టి పండుగ యొకటి ఆఫ్రికాఖండమున పశ్చిమభాగమునందు గలదు. దానిని గూర్చి నేడు మీకు నాలుగు మాటలు విన్నవింతును.

నైజీరియా దేశమునకు నైరృతిదిశయందు యొరూబా యను జాతివారు కోట్లకొలది నివసించుచున్నారు. నేను బడిలో భూగోళము బోధించిన కాలమున మా పాఠ్యపుస్తకములందు ఆఫ్రికా యనగా ఎడారులు, నదులు, అడవిమృగములు మాత్రమే కనబడుచుండెను. అచ్చటి నగరములను గూర్చి ఒక్క పంక్తియు లేదు. యొరూబావారో పూర్వకాలమునుండియు పురవాసులు. సేద్యము చేయు కాపు సైతము ప్రాకారము గల పట్టణములో ఇల్లు కట్టుకొని, దూరపు పొలమునకు పోయి వచ్చుట వారి పద్ధతి. పట్టణమునకొక రాజు, అతనిని ‘ఓబా’ అందురు. అతడు పూసలు కుట్టిన కిరీటమును ధరించును. దానినుండి వ్రేలాడు పూసల జాలరు ముఖమును మరుగుపరచును. ఇలే-ఇఫే యను పురము వారికి ఆదిక్షేత్రము. సృష్టి అచ్చటనే ఆరంభమైనదని వారి పురాణము. ఓయో, ఇబాదాను, అబెయోకుట, ఓండో, ఇకెరె మొదలైనవి వారి తక్కిన పట్టణములలో ప్రసిద్ధములు.

వీరికి ముఖ్యమైన పంట పెండలము. మన గోదావరి సీమలో పెండలము నెరుగనివారుండరు. నేను చెప్పునది సగ్గుబియ్యము చేయు కర్రపెండలము కాదు. అది దక్షిణ అమెరికానుండి పోర్చుగీసువారి యోడలలో ఆఫ్రికాకు వచ్చిన వేరొక మొక్క. కందయు కాదు, చిలగడదుంపయు కాదు. తీగ పారి, నేలలో లావుగా దుంప యూరు అసలు పెండలమునే చెప్పుచున్నాను. మన పెండలము ఆసియాఖండమునకు చెందినది. యొరూబావారి తెల్లపెండలము ఆఫ్రికాలోనే పుట్టినది. రెండును ఒకే కుటుంబపు మొక్కలు. 2019వ సంవత్సరమున ప్రకటితమైన యొక శాస్త్రపరిశోధన, ఆ తెల్లపెండలమును నైజరు నదీప్రాంతమున మనుష్యులు అడవితీగనుండి సాగునకు తెచ్చిరని తేల్చినది. నేడు ప్రపంచమున పండు పెండలములో సగమునకు మించి నైజీరియా దేశమందే పండుచున్నది.

పెండలమును యొరూబాభాషలో ‘ఇషు’ అందురు. దానిని ఉడికించి, కొయ్యరోటిలో వేసి, పొడుగాటి రోకళ్లతో సాగునట్లు దంచి ముద్దచేసి, ఆకుకూరల పులుసుతోనో మాంసపు పులుసుతోనో భుజింతురు. ఆ ముద్ద పేరు ‘ఇయాను’. మనకు వరియన్నము ఎట్టిదో వారికి ఇయాను అట్టిది. పండుగనాటి ఉదయమున వీధి పొడుగున రోకటిచప్పుడు వినబడుచుండిన ఆ యిండ్లు కలకలలాడుచున్నవని యర్థము.

ఇక ఈ పంట తీరు కొంచెము తెలిసికొనవలెను. ఇది తెలియక పండుగ యర్థము కాదు. పెండలమునకు బలమైన నేల కావలెను. అందుచేత పూర్వకాలపు కాపు కొన్నియేండ్లు బీడుగా నున్న నేలను కొట్టి, కాల్చి, మోకాలియెత్తు మట్టికుప్పలు గుద్దలితో పోసి, ఒక్కొక్క కుప్పలో ఒక దుంపముక్కను నాటును. తీగ పాకుటకు కర్ర నాటవలెను. కలుపు తీయవలెను. వానలు మార్చి, ఏప్రిలు నెలలలో ఆరంభమగును. తొలిపంట జూలై, ఆగస్టు నెలలలో వచ్చును. పెద్దపంట సంవత్సరాంతమున వచ్చును. ఆ పంటను నిలువుగా పాతిన గుంజలకు వరుసవరుసలుగా తాళ్లతో కట్టి, గాలి తగులునట్లు నీడను నిలువచేయుదురు. అట్లు నిలువచేసిన దుంప కొన్ని నెలలే నిద్రించును. పిమ్మట మొలకెత్తును, వడలును, క్రుళ్లును. ధాన్యమువలె ఏండ్ల తరబడి గాదెలో పోసియుంచుటకు వీలులేదు. అంతేకాక పంటలో నాలుగవవంతో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో మరుసటియేటి విత్తనమునకై తీసిపెట్టవలసియుండును.

కావున ఏటేట ఒక కష్టకాలము తప్పదు. మే, జూను నెలలు వచ్చుసరికి పాతదుంప లయిపోవును. కొత్తవి నేలలో ఊరుచుండును. పై తీగ పచ్చగా నుండును. క్రింద దుంప యున్నదని అందరికిని తెలియును. ఆకలి యున్నది, ఆహారమును పాదముల క్రిందనే యున్నది. ఆ సమయమున గుద్దలి పట్టినవాని చేయి నాపునది ఏది? కావలివాడు ఆపలేడు, పొలములు క్రోసుల దూరమున నున్నవి. ఆపునది ఒక్క నిషేధమే: పండుగ జరుగక పూర్వము కొత్త పెండలము నోట పెట్టరాదు.

దీనిని మూఢాచార మని త్రోసివేయుటకు ముందు కాపుదనము నెరిగినవారు ఒక్కమాట ఆలోచింపవలెను. లేతదుంప నీరుపట్టియుండును, రుచియుండదు, నిలువయుండదు. తొందరపడి త్రవ్వినవాడు ఇప్పటి ఆకలి తీరుటకు రేపటి పంటను కోసికొన్నవాడగును. తొలిపంటను తీయుటలోను ఒక నేర్పు కలదు. కుప్పను మెల్లగా విప్పి, తీగ వేళ్లు చెడకుండ, తలభాగమును తీగకే విడిచి, దుంపను కోసికొని, మరల మన్ను కప్పుదురు. ఆ తీగ చావక, మిగిలిన నెలలలో చిన్న చిన్న దుంపలను పెట్టును. అవియే మరుసటియేటి విత్తనము. సమయమునకు ముందు కోసినచో ఆహారమును పాడగును, విత్తనమును పాడగును. పదిమందిలో ఒక్కడు ఓర్పు తప్పినను, వానిని జూచి తక్కినవారును తప్పుదురు. అందుచేత ఈ కట్టు ఒక్కని వివేకమునకు విడువదగినది కాదని పెద్దలు తలచి, దైవముమీద పెట్టిరి. ఇది నా యూహ. కాని పంట స్వభావమును జూడగా ఈ యూహ నిలుచునని నమ్మెదను.

యొరూబాభాషలో ‘ఓడూన్’ అను నొక మాట కలదు. దానికి సంవత్సర మనియు నర్థము, పండుగ యనియు నర్థము. పండుగలే సంవత్సరమును కొలుచు కొలకర్రలని ఆ భాషయే చెప్పుచున్నది. పాతయేడు ఏనాడు ముగిసి కొత్తయేడు ఏనాడు తెరచుకొనునో ఆనాడే కొత్తపంటను తెరచుట వారికి సహజముగా తోచినది. అన్ని పట్టణములకును తిథి యొక్కటి కాదు. పట్టణముననుసరించి జూను మొదలు ఆగస్టు వరకు ఈ పండుగలు నడచును. పేర్లును వేరువేరు.

ఇఫే పురమున భవిష్యము చెప్పు శాస్త్రజ్ఞులు కలరు. వారిని ‘బాబలావో’ అందురు. రహస్యములకు తండ్రులని దాని యర్థము. వారి శాస్త్రము ఇఫా. అందు 256 అధ్యాయములు. ఒక్కొక్క దానిలో లెక్కకుమించిన పద్యములు, కథలు. ఇవి యన్నియు వ్రాతలేక నోట నిలిచినవి. గురుముఖమున ఏండ్ల తరబడి వల్లెవేసి నేర్వవలెను. వేదపాఠమును నేర్చినవారికి ఆ కష్టము వేరుగ చెప్పనక్కరలేదు. 2005వ సంవత్సరమున యునెస్కో సంస్థ ఈ ఇఫా శాస్త్రమును మానవజాతి నోటిసంపదలలో నొకటిగా ప్రకటించినది. విలియం బాస్కం అను అమెరికా పండితుడు 1937, 1938 సంవత్సరములలో ఇఫేలో నివసించి, ఆ బాబలావోల యాచారములను వ్రాసికొనెను. తమ కొత్త పెండలపు పండుగ జరిగి, ఇఫాకు నైవేద్యము పెట్టినగాని వారును కొత్తదుంప తినరాదు. భవిష్యమును చెప్పువారికైనను వర్తమానమున కాచుకొనుట తప్పదు.

మరికొన్ని తావుల ఈ పండుగను ‘ఎజె’ అందురు, రెండునాళ్లు జరుగును. మొదట శుద్ధికర్మలు, ఏడాదిపాటు కూడిన మైల తొలగవలెను. పిమ్మట దేవతలకు, పితరులకు కొత్త పెండలమును అర్పింతురు. అటుతరువాత శకునము చూతురు. కొత్త దుంపను రెండు చెక్కలుగా కోసి నేలపై విసరుదురు. ఒకచెక్క కోసినముఖము పైకిని, మరియొకచెక్క క్రిందికిని పడినచో ఊరికి శుభము. నాలుగుపప్పులు గల కోలాకాయను ఓలిచి విసరినప్పుడును లెక్క యిట్టిదే. రెండు పైకి, రెండు క్రిందికి పడవలెను. అన్నియు పైకి పడుట మహాశుభమని మనము తలచెదము గదా! వారి లెక్క యది కాదు. వెలుగును చీకటియు, జీవులును పితరులును సమముగా నున్నపుడే యేడు చక్కగా నడచునని యందలి తాత్పర్యముగా నాకు తోచుచున్నది.

అనేకపురములలో రాజు అర్పణచేసి కొత్త పెండలమును ముట్టకపూర్వము ప్రజలు ముట్టరాదు. అట్లని రాజు ముందుగా తినిపోవుటకును వీలులేదు. దేవతల వంతు, పితరుల వంతు తీరినపిదపనే రాజు వంతు. ఆ క్రియను నడుపు పురోహితుడు తరచుగా రాజవంశమువాడు కాడు. ఆ నేలమీద మొదట కాపురముండిన కుటుంబమువాడై యుండును. రాజు పిమ్మట వచ్చి కత్తితో రాజ్యము నేలవచ్చును; కాని మట్టితో మాటలాడుటకు పాతకాపు కావలెను. ఇట్లు ఏడాదికొక్కమారు రాజు తన పురములో మరియొకని యనుమతికై కాచియుండును. రాజ్యాంగశాస్త్రములు చదివినవారు అధికారమునకు హద్దులను గూర్చి గ్రంథములు వ్రాసిరి. అక్షరములేని కాలముననే ఆ హద్దును ఒక దుంపతో గీచిన యొరూబావారి పెద్దరికము తక్కువది కాదు.

సేద్యమునకు వారికి ప్రత్యేకదైవము కలడు. పేరు ఒరిషా ఓకో. ‘ఓకో’ యనగా పొలము. ఇరావో అను పల్లె ఆయన స్థానము. అచ్చటి కమ్మరులు చేసిన ఇనుపదండము ఆయనకు గుర్తు; తేనెటీగలు ఆయన దూతలు. ఆల్ఫ్రెడ్ ఎల్లిస్ అను నొక ఆంగ్ల సేనాధికారి 1894లో యొరూబాజనులను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ దేవుని పంటపండుగ ప్రసక్తి కలదు. ఆనాడు కొత్త పెండలములే కాక, నానావిధములైన కాయగూరలను వండి, పాత్రలలో నింపి, వీధులలో పెట్టుదురట. దారిని పోవువాడెవడైనను తినవచ్చునట. ఆ యధికారి యొరూబావారి మతమును గౌరవముతో చూచినవాడు కాడు. అట్టివాడును ఈ సంగతిని వదలక వ్రాసెను. కాచుకొన్నప్పుడు ఊరంతయు కాచినది గనుక, తినునప్పుడును ఊరంతయు తినవలె నన్నది ఆ పాత్రల యర్థము.

ఇంటిలోనికి చూతము. యొరూబావారి పాతయిల్లు మన యుమ్మడి కుటుంబములకంటె పెద్దది. ఒక పెద్దతాత సంతానమంతయు ఒక ఆవరణములో నుందురు. ఆవరణపు పెద్ద పితరులకు నైవేద్యము పెట్టి, పేర్లు తలచి, పిమ్మట పంచును. కొత్తగా సంబంధము కుదిరినవాడు మామగారికి పెండలములు పంపవలెను. నిశ్చయతాంబూలపు సామగ్రిలో పెండలములు నేటికిని ముఖ్యము. అల్లుడు తన యీడువారిని వెంటబెట్టుకొనిపోయి మామగారి చేనిలో పనిచేసి రావలెను. దానిని ‘ఓవే’ అందురు. నేడు నీ చేనిలో మేము, రేపు నా చేనిలో మీరు అని వంతులవారీగా పనిచేసికొను పద్ధతి ‘ఆరో’. మన పల్లెలలో బదులుపని యనునది అదియే. మట్టికుప్పలు పోయుట ఒక్కనివలన నగు పని కాదు. పదిమంది చేతులు కలిసి పోసిన కుప్పలోని దుంపను ఒక్కడు చాటుగా త్రవ్వుకొని తినుట దొంగతనముతో సమానమని వారు తలచుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇంతవరకు చెప్పినది వెలుగు. నీడను దాచుట చరిత్ర చెప్పువానికి ధర్మము కాదు. పందొమ్మిదవ శతాబ్దము యొరూబాదేశమునకు యుద్ధముల శతాబ్దము. 1830వ దశకమున పాత ఓయో నగరము పాడుపడెను. పిమ్మట ఇబాదాను బలపడెను. 1877లో ఎకిటి, ఇజెషా ప్రజలు ఇబాదానుపై తిరుగబడగా పుట్టిన యుద్ధమునకు 1886లో సంధిపత్రము వ్రాయబడినను, సేనలు శిబిరములు విడిచి యిండ్లకు పోవుటకు 1893 వచ్చెను. పదునారేండ్లు! ఆ యేండ్లలో పొలములు బీడైనవి, పల్లెలు కాలినవి, పట్టుబడినవారు బానిసలైరి. ఇబాదాను సేనానాయకుల పొలములలో వందలకొలది బానిసలు మట్టికుప్పలు పోసిరి. ఆ పురమున స్త్రీలకు నాయకురాలై ‘ఇయాలోదె’ బిరుదు ధరించిన ఎఫున్‌షెతాన్ అనునామె సైతము బానిసలచేత విస్తారముగా సేద్యము చేయించెను. 1874లో ఆమె హతురాలయ్యెను. ఊరందరికి సమముగా విందు జరిగినదని చెప్పునపుడు, ఆ పెండలమును పండించిన బానిసను పంక్తిలో ఎక్కడ కూర్చుండబెట్టిరని అడుగవలెను. ఏ దేశపు పంటపండుగనైనను ఈ ప్రశ్న అడుగవలసినదే.

అట్లు పట్టుబడినవారిలో వేలకొలదిమంది సముద్రము దాటింపబడిరి. ఒక్క యుదాహరణము. 1821లో ఓషోగున్ అను పల్లెపై శత్రువులు పడి, అజాయి యను బాలుని చెరపట్టిరి. చేతులు మారి మారి అతడు పోర్చుగీసు బానిసయోడ నెక్కింపబడెను. 1822లో ఆంగ్లనౌకలు ఆ యోడను పట్టి, అతనిని సియెరా లియోను తీరమున విడిచెను. ఆ బాలుడే పిమ్మట సామ్యూల్ అజాయి క్రౌతర్ అను పేర 1843లో యొరూబాభాషకు వ్యాకరణమును, నిఘంటువును ప్రకటించి, 1864లో ఆంగ్లసంఘమునకు మొదటి ఆఫ్రికా బిషప్పు అయ్యెను. అతని యోడ పట్టుబడినది. పట్టుబడని యోడలు బ్రెజిలునకు, క్యూబాకు పోయినవి.

బ్రెజిలులో 1888 వరకు దాస్యము చట్టసమ్మతము. బహియా సీమలో చెరకుతోటల నడుమ, నగరపు వీధులలో బరువులు మోయుచు, యొరూబా స్త్రీపురుషులు తమ దేవతలను కాపాడుకొనిరి. రాజు లేడు, తమదను పొలము లేదు, పితరుల సమాధి లేదు. అయినను కాందోంబ్లే యను వారి మతములో నేటికిని కొత్త పెండలపు పండుగ యొకటి కలదు. దానిని ‘రోటి పండుగ’ అందురు. ఆ పండుగ ఒషగియాన్ అను దేవునికి. ఆయన యొరూబాదేశమునందలి ఎజిగ్బో పురమువాడు. ఆ పేరునకు దంచిన పెండలమును తినువాడని యర్థము చెప్పుదురు. సముద్రమునకావల, పరభాష మాటలాడు మునిమనుమలు, కొత్త పెండలమును దేవునికి పెట్టినగాని తాము ముట్టరు. సంకెళ్లు వేసి తీసికొనిపోయినవారు భూమిని తీసికొనిపోనీయలేదు, గ్రంథమును తీసికొనిపోనీయలేదు. తీసికొనిపోయినది ఒక్క కట్టుబాటు. పోగొట్టుకొనుటకు వీలుకాని యాస్తి యేదని నన్నెవరైనను అడిగిన నేను దీనిని చూపెదను.

స్వదేశమున ఏమి జరిగెను? మహమ్మదీయమతము ఆ దేశమున చాలకాలమునుండి యున్నది. 1840వ దశకమున క్రైస్తవప్రచారకులు వచ్చిరి. కొత్త పెండలమును దేవతలకు అర్పించు విందులో, మతము మారినవాడు చేరవలెనా, మానవలెనా? ఈ ప్రశ్న ఇంటింట పుట్టెను. క్రైస్తవసంఘములు దానికొక మార్గము కనిపెట్టినవి. వారు ‘ఇకోరె’ యను పేర పంటకృతజ్ఞతాపూజను నెలకొల్పిరి. పెండలములు, అరటిగెలలు, పండ్లు బుట్టలతో గుడికి తెచ్చి వేదికయొద్ద పెట్టుదురు. దేవుని పేరు మారినది, బుట్ట మారలేదు. ఒకే కుటుంబములో అన్న మహమ్మదీయుడు, తమ్ముడు క్రైస్తవుడు, మేనమామ పాతదేవతల భక్తుడుగా నుండి ఒకరి పండుగకొకరు పోవుట యొరూబావారిలో అరుదు కాదు. అయినను నేడు కొన్ని సంఘములు పాతపండుగ విగ్రహారాధన యని నిషేధించుచున్నవి; ఆ తగవు ఇంకను తీరలేదు.

మతముకంటె పెద్దదెబ్బ వ్యాపారమువలన తగిలినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర కోకోపంట ఆ దేశమున నాటుకొని, ఇబాదాను, ఓండో, ఎకిటి సీమలలో వ్యాపించినది. కోకోచెట్టు నాటిన నేల పదులయేండ్లు దానికే కట్టుబడును. కోకో డబ్బు తెచ్చినది, బడులు కట్టించినది, బిడ్డలను చదివించినది. కాని పెండలమునకు వలసిన నేలను హరించినది. కర్రపెండలము ఏడాదిపొడుగున నేలలో నిలిచి, వలసినపుడు త్రవ్వుకొన వీలగుటచేత, ఆకలినెలల భయమును తగ్గించినది. నేడు బెన్యూ సీమనుండి లారీలలో పెండలము వచ్చుచున్నది. అచ్చటి జాకీ బియాం అంగడి పెండలమునకు పెట్టినది పేరు. డబ్బున్నవాడు ఊరిపండుగకు ముందే కొత్తదుంప కొనుక్కొనవచ్చును. అది ఎవరి నేలదో, ఏ పితరులకు అర్పింపబడినదో అంగడిలో ఎవరును అడుగరు.

అయినను ఆ పండుగకున్న బలము తరుగలేదనుటకు ఒక సాక్ష్యము చెప్పెదను. నైజీరియా 1960 అక్టోబరు 1వ తేదీన స్వతంత్రమైనది. తరువాత అయిదేండ్లకు, యొరూబాజాతివాడును, 1986లో నోబెలు బహుమానము పొందినవాడునగు వోలె షోయింకా ‘కోంగీస్ హార్వెస్ట్’ అను నాటకమును ఆడించెను. అది 1967లో అచ్చయినది. అందలి కథ యిది. కోంగీ యను నియంత పాతరాజును చెరలో పెట్టించి, కొత్త పెండలమును రాజు బహిరంగసభలో తన చేతికి అర్పింపవలెనని పట్టుపట్టును. సైన్యము, చెరసాల, పత్రికలు అన్నియు వాని చేతిలోనే యున్నవి. అయినను ఒక దుంపకొఱకు వాడు తపించును. ఏలయనగా, దానిని అందుకొన్ననాడే తాను ప్రభువని ప్రజలు నమ్ముదురు. చివరకు ఆ సభలో కోంగీ ముందుకు వచ్చిన పళ్లెరములో నుండునది పెండలము కాదు, తెగిన మానవశిరము. కాచుకొనుట నెరుగని అధికారమునకు అందు ఫల మదియే యని కవి చూపెను.

ఇప్పుడు మనవైపు ఒక్కమారు తిరిగిచూచుట అప్రస్తుతము కాదు. మన వైదికకర్మలలో ఆగ్రయణేష్టి యనునది కలదు. కొత్తధాన్యమును అగ్నిముఖమున దేవతలకు అర్పించినగాని గృహస్థుడు భుజింపరాదని దాని విధి. గోదావరిప్రాంతపు కొండలలో కొండరెడ్లు మామిడికొత్త పండుగ చేసికొన్నగాని కొత్త మామిడికాయను ముట్టరు. యాగశాలలోని సోమయాజియు, కొండపైని కొండరెడ్డియు, ఇఫేలోని బాబలావోయు ఒకరినొకరు ఎరుగరు. ఒకరియొద్ద నొకరు నేర్చినవారును కారు. అయినను ముగ్గురును పంట ఎదుట ఒక్కక్షణ మాగుదురు. భూమి తనకు బాకీపడలేదని ఎరిగిన మనుష్యుడు ఎక్కడనున్నను ఇట్లే యాగునని నా నమ్మకము.

కాలము మారినది. ఎకిటి పట్టణములవారు లాగోసు మొదలగు నగరములలో ఉద్యోగములు చేయుచు, పండుగకు ఇల్లు చేరుదురు. ఊరిసంఘములు ఆ సమయముననే సభ చేసి, బడికో, బాటకో చందాలు వేసికొనుట కలదు. రాజు ముందు నృత్యములు, ఉపన్యాసములు జరుగును. ఇవియన్నియు మంచివే. కాని ఒక సందేహము మిగులును. ఆకలినెలలు లేనివారికి, ఏనాడు కావలసిన దుంప ఆనాడు అంగడిలో దొరకువారికి, కొత్త పెండలపు పండుగలో కొత్తదనమేమి?

ఆలోచింపగా నాకు తోచిన సమాధాన మిది. ఆ పండుగయొక్క సారము విందులో లేదు. విందునకు ముందున్న కాచుకొనుటలో కలదు. పూర్వులు ఆ యోర్పును ఆకలిచేత నేర్చిరి. ఆకలి తొలగుట మహోపకారమే. ఆకలి తిరిగిరావలెనని ఏ పెద్దయు కోరడు. కాని, ఆకలి బలవంతమున నేర్చిన యోర్పును ఆకలి లేకయు నిలుపుకొనగల్గుటయే నిజమైన నాగరికత. కలిగినవాడు కొనగలిగియు కాచినపుడు, రాజు ఆజ్ఞాపింపగలిగియు ఆగినపుడు, లేనివాడు సిగ్గుపడక పంక్తిలో కూర్చుండును. అట్టి ఊరిలో పండుగ బ్రతికియున్నట్లు. కొనగలిగినవాడు ముందే కొని తిని, పండుగనాడు తమాషా చూడవచ్చినచో, తప్పెటలు ఎంత మ్రోగినను అది ఉత్సవమే కాని పండుగ కాదు.

మన పల్లెలలోను ఆదిపంటను దేవునికి చూపక ముట్టని యిండ్లు ఇంకను కలవు. కుప్ప నూర్చిన కళ్లమునుండి చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేరలు కొలిచినపిమ్మట గింజలింటికి తెచ్చుకొన్న దినములు మీలో అనేకులకు జ్ఞాపకముండును. ఆ పద్ధతిలోని యెక్కువతక్కువలు పోవలసినవే. అందు “నాకంటె ముందు మరియొకరు” అను మాట మాత్రము పోకూడనిది. యొరూబా పెద్దలు ఆ మాటను దుంపతో నేర్పిరి, మన పెద్దలు గింజతో నేర్పిరి. మన మనుమలకు దేనితో నేర్పవలెనో ఈయేటి పండుగకు ముందే పెద్దలు కూర్చుండి ఆలోచింతురుగాక.

సెలవు.